అడుగు ముందుకొచ్చిన కొట్టు

మా వీధికి పెద్ద రోడ్డు వస్తుందన్న రోజు నుంచి నేను తుమ్ముతూనే ఉన్నాను. మొదట దుమ్ముకు తుమ్మాను, తర్వాత కంపుకు. మధ్యలో ఒకరోజు తుమ్ము రాకపోతే, ఒంట్లో బాగాలేదేమోనని మా ఆవిడ నుదురు పట్టి చూసింది.

మా ఆవిడ తమ్ముడు, అంటే నా బావమరిది, దర్జీ. పని మానేసిన వయసు గనక నేను అతని కొట్లో స్టూలు మీద కూర్చుని గుండీలు కుడుతుంటాను. అతను గుడ్డలు కోస్తాడు, నేను కోతలు కోస్తాను. కొట్టు వెడల్పు ఆరడుగులు, లోతు పద్నాలుగు. అందులో ఏడడుగుల కటింగ్ బల్ల. ఆ బల్ల లేకపోతే తను దర్జీ కాదు, సూది పట్టుకున్న మనిషి మాత్రమే అంటాడు. రోడ్డు మా కొట్లో ఏడున్నర అడుగులు తింటుందని కబురొచ్చింది. మిగిలేది ఆరున్నర. బల్ల పట్టదు. నెల రోజులు మావాడికి అన్నం సయించలేదు.

కొలతల రోజున ఇంజినీరు మనుషులు టీకని వెళ్లి తిరిగి రాలేదు.

"ఏం మేస్త్రీ, టేపు పట్టడం నీకు కొత్తా? రోడ్డు మధ్యలో ఆ మేకు దగ్గర కొస పట్టుకో," అన్నాడు ఇంజినీరు మావాడితో.

దర్జీల టేపు కొస అరిగి పీలికలవుతుంది. అందుకని ఒకటో గీత దగ్గర పట్టి, చదివేటప్పుడు ఆ ఒకటి తీసేస్తారు. మావాడికది ముప్పై ఏళ్ల అలవాటు. ఇంజినీరు టేపు కొస బురదలో నాని ఉంది. మావాడి వేళ్లు వాటంతటవే ఒకటో అడుగు గీత మీద పడ్డాయి. అవతలి చివర ఇంజినీరు రోడ్డుకు కావలసిన యాభై అడుగులు చదివి, మా కొట్టు గోడ మీద ఎర్రగీత గీసి వెళ్లిపోయాడు.

సాయంత్రం చూస్తే, పక్కన మందుల కొట్లో ముందురోజు గీసిన గీత మా గీతకన్నా అడుగు లోపలికి ఉంది.

"బావా, తీసేయాల్సిన అడుగు చెప్పడం మర్చిపోయాను. రేపు వెళ్లి చెప్పొస్తా."

"చెప్పు. తర్వాత బల్ల నెత్తిన పెట్టుకుని ఊరేగుదువు గాని. వచ్చిన అదృష్టాన్ని కాలదన్నడం మీ ఇంటి అలవాటే. మీ అక్క జన్మలో సరిగ్గా ఎంచుకున్నది నన్నొక్కణ్ణే."

"నిన్ను ఎంచుకున్నప్పుడే తెలిసింది మా అక్క చూపు సంగతి."

నవ్వాడు. నా మాట విని మర్నాడు ఇంజినీరు దగ్గరికి వెళ్లలేదు.

కూల్చే యంత్రం వచ్చింది. దాని అదురుకు మా కుట్టుమిషను తనంతట తనే ఒక కాలరు కుట్టింది. తిరగేసి కుట్టిందనుకోండి, అది వేరే మాట. ఎదురుగా సగం తెగిన మేడలో ఎవరి స్నానాలగదో వీధిలోకి తెరుచుకుంది. తీగ మీద లోపలి బట్టలు ఊగుతుంటే పనివాళ్లు వేళ్లు చూపించి నవ్వేవారు. ఆ ఇంటావిడ తలదించుకుని వచ్చి వాటిని తీసుకుపోయింది.

మా కొట్టుకు ఏడున్నర అడుగులు మిగిలాయి. బల్ల పట్టింది. మావాడు మూడు రోజులు దాన్ని నూనె గుడ్డతో తుడిచాడు.

ఆ తర్వాత రోడ్డు పక్కన మురుగు కాలువ తవ్వుకుంటూ వచ్చారు. తిన్నగా వచ్చిన కాలువ మా గోడకు కొట్టుకుని ఆగింది. ఇంజినీరు వచ్చి గోడను చూశాడు, గీతను చూశాడు, గొంతు సవరించుకున్నాడు. కాలువను మా కొట్టు చుట్టూ మోచెయ్యిలా వంచి సిమెంటు పోయించాడు.

వారం తిరక్కుండా ఊళ్లోని రోతంతా ఆ వంపులో వచ్చి కూర్చుంది. నల్లటి నురగ, చచ్చిన ఎలుకలు, పసిపిల్లల గుడ్డలు, చీము రంగు నీళ్లు. దోమలు ఎంత బలిశాయంటే, ఒకటి గుండుసూదుల పెట్టె ఎత్తుకుపోవడం నేను కళ్లారా చూశాను. అత్తరు చల్లితే కంపుకు అత్తరు వాసన పట్టింది గానీ, కంపు పోలేదు.

ఒకావిడ కొత్త జాకెట్టు అందుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని, మెల్లగా బల్ల మీద పెట్టేసింది.

"కుట్టు బాగుందయ్యా. వేసుకోలేను."

ఆ పూటే మావాడు నన్ను వెంటబెట్టుకుని ఇంజినీరు దగ్గరికి వెళ్లాడు.

"తప్పు నాదే సార్. టేపు అడుగు వదిలేసి పట్టాను. ఆ అడుగూ తీసేసుకుని కాలువ తిన్నగా చెయ్యండి."

"టేపు నువ్వెందుకు పడతావ్? మా మనుషులు పట్టారని ఫైల్లో ఉంది."

"వాళ్లు టీకి వెళ్లారు గదా సార్."

"ఫైల్లో టీ లేదు. సంతకాలయ్యాయి. నీ గోడ ఉండాల్సిన చోటే ఉంది. గోడ సరిగ్గా ఉన్నాక కాలువ మాత్రం ఎందుకు తప్పవుతుంది?"

నేను కలగజేసుకున్నాను. "ఒకసారి వచ్చి వాసన చూడండి బాబూ."

"వాసన నా పని కాదు పెద్దాయనా. నాది సివిలు," అంటూ పళ్లు కుట్టుకున్నాడు.

గోడ లేకపోతే కాలువ తిన్నగా చేయక ఏం చేస్తారని మావాడు ఆశపడ్డాడు. గునపంతో తనే అడుగు మేర పడగొట్టుకుని, లోపలికి కొత్త గోడ లేపాడు. బల్లను రంపంతో ముప్పావు అడుగు కోయించాడు. కోస్తున్నంతసేపూ అటు తిరిగి నిలబడ్డాడు. కాలువ వంపు వంపుగానే ఉంది. పగలగొట్టిన అడుగు జాగాలోకి కూడా మురుగు ఊరి పచ్చగా పేరుకుంది.

పదో రోజున కాగితం వచ్చింది. ఫైలు ప్రకారం ఉండాల్సిన గోడను అనుమతి లేకుండా పడగొట్టాడట. పదిహేను రోజుల్లో తిరిగి కట్టాలట.

బావమరిది రెండుసార్లు చదివి, నాలుగు మడతలు పెట్టి, కాలువలోకి తుపుక్కున ఊశాడు.

"బావా, మీ వరండాలో మిషను పడుతుందా?"

"పడుతుంది. మీ అక్క చీపురుకు అడ్డం రాకపోతే చాలు."

బల్ల సంగతి అతను అడగలేదు. వరండా నాలుగడుగులని అతనికీ తెలుసు. ఇద్దరం ముక్కులకు గుడ్డ కట్టుకుని, చెరో పక్కా మిషను ఎత్తుకుని, ఆ రోతను దాటాం.