ఇరవై మూడో బ్రాకెట్టు

ఈ ఉదయం నుంచి మా పరిశోధన పేపర్లోని ఇరవై మూడో రెఫరెన్సు బ్రాకెట్లోంచి గాలి వీస్తోంది. మిగతా నలభై ఆరు బ్రాకెట్లూ నిండుగా, బుద్ధిగా ఉన్నాయి. అదొక్కటే ఖాళీ. కాగితాలు ఎగిరిపోకుండా వాటి మీద ఒక రాయి, స్టేప్లరు, నా టిఫిను డబ్బా పెట్టాను. డబ్బాలో ఉప్మా ఉంది కాబట్టి అది బాగానే ఆగుతోంది.

మాది తాండూరు దగ్గర ఒక చిన్న కంది పరిశోధన కేంద్రం. పదకొండేళ్లుగా ఇక్కడ రెఫరెన్సులు సర్దేది నేనే. రచయిత ఇంటిపేరు, కామా, పేరుకు పొడి అక్షరం, చుక్క, సంవత్సరం. పెళ్లిపందిట్లో కుర్చీలు వేసినట్టు వరస తప్పకుండా వేస్తాను. ఒక్క చుక్క జారినా నాకు అన్నం సయించదు.

ఖాళీ బ్రాకెట్టుకు ముందున్న వాక్యం ఇది: 'శనగపచ్చ పురుగు గుడ్లు పెట్టే ముందురోజు కందిపువ్వు వాసన మారుతుంది.' మా మూడేళ్ల పని ఈ వాక్యం మీదే నిలబడి ఉంది. ఈ సంగతి మాకు చెప్పింది నీరటి మాణెమ్మ, మా కేంద్రంలో కలుపు తీసే ఆమె. నోటిమాటకు జాబితాలో చోటు లేదని పత్రిక నియమం. సాయంత్రం ఐదింటికి పేపర్లు పంపే పోర్టల్ మూసేస్తారు. అప్పటికి బ్రాకెట్టు నిండకపోతే వాక్యం తీసెయ్యాలి. దాంతోపాటు మాణెమ్మ మాటా పోతుంది.

మా పెద్ద శాస్త్రవేత్త డాక్టర్ కృపానిధి గారు టేబులెక్కి, ఎగిరే కాగితాల్ని పట్టుకుంటున్నారు.

"ఏదో ఒకటి కుక్కెయ్యమ్మా. రెఫరెన్సులెవరు చదువుతారు?"

పత్తి మీద వచ్చిన ఒక పాత పేపరును తెచ్చి కుక్కుతాను. అది నడుం దాకా దూరి ఇరుక్కుంటుంది.

"క్షమించాలి, నాకు కంది సంగతేమీ తెలియదు," అంటుంది. తర్వాత తనే బయటికొచ్చి, కిటికీలోంచి మర్యాదగా వెళ్లిపోతుంది. ఈ మాత్రం నిజాయితీ మనుషుల్లో ఉంటే నా ఉద్యోగం సగం తేలికయ్యేది.

"అయితే చెప్పిన మనిషినే తీసుకొస్తాను," అని చెప్పులు చేత్తో పట్టుకుని బ్రాకెట్లోకి దిగుతాను.

అవతల కంది చేను. మాణెమ్మ కొంగు నడుముకు చుట్టి కలుపు తీస్తోంది.

"ఏందమ్మా, గింత ఎండల పడొచ్చినవ్?"

"నీ పేరు పేపర్లో వెయ్యాలి మాణెమ్మా. వివరాలు కావాలి."

"పేరెందుకు? మాట రాసుకున్నవ్ గద."

"పేరు లేకపోతే మాట తీసేస్తారు."

"గట్లెట్ల తీస్తరు? తీస్తే పురుగు రాకుంటుంటదా?"

ఏ సంవత్సరంలో కనిపెట్టావని అడుగుతాను. "మా పెద్దపిల్ల పుట్టినేడు," అని వక్కల సంచి విప్పి, ఆ సంవత్సరాన్ని తీసి నా చేతిలో పెడుతుంది. అది ఇంకా వెచ్చగానే ఉంది. పేజీలు అడిగితే, పన్నెండో సాలు నుంచి పందొమ్మిదో సాలు దాకా అంటుంది. రాసుకుంటాను.

"నువ్వు చెప్పింది ఇంకొకరు పరిశీలించి ఒప్పుకోవాలి," అంటాను.

"మా యారాలున్నది గద. నేనేమన్నా కాదంటది."

యారాలంటే తోడికోడలు, సాయవ్వ. పక్క చేలోంచి ఆమె తల కూడా ఎత్తకుండా అరుస్తుంది.

"తప్పు! ముందురోజంతా గాదు. ముందురోజు పొద్దుగాల. మాపటికి ఆ వాసనుండది."

మాణెమ్మ నిజమేనంటుంది. వాక్యంలో 'ముందురోజు ఉదయం' అని దిద్దుతాను. పదకొండేళ్లలో ఇంత పనికొచ్చే సమీక్ష నేను చూడలేదు.

మాణెమ్మా నేనూ తిరిగి వచ్చేసరికి ఐదుకు పది నిమిషాలుంది. కంప్యూటరు తెర లోపల టై కట్టుకున్న పోర్టల్ ఉద్యోగి కూర్చుని ఉన్నాడు. మాణెమ్మను పైనుంచి కిందికి చూసి కత్తెర తీస్తాడు.

"ఇంటిపేరు ఉండొచ్చు. పేరు మాత్రం పొడి అక్షరమే," అంటూ 'నీరటి మా.' అని రాస్తాడు.

చుక్క పడగానే మాణెమ్మ ముఖం, భుజాలు, నడుము కనిపించడం మానేస్తాయి. చేతులు రెండే మిగులుతాయి.

"ఇప్పుడు సరిగ్గా సరిపోయింది," అంటాడు ఉద్యోగి.

నాకు ఒళ్లు మండుతుంది. వెంటనే సిగ్గు కూడా వేస్తుంది, ఇన్నేళ్లుగా ఆ చుక్కలు పెట్టింది నేనే కాబట్టి.

చేతులు ఊరికే కూర్చోవు. జాబితాను తడిమి చూసి, పేర్ల పక్కనున్న చుక్కలు కలుపు మొక్కలని తేల్చుకుంటాయి. మొదటి వరస నుంచి వేర్లతో సహా పీకడం మొదలుపెడతాయి. చుక్క పోయిన చోటల్లా పొడి అక్షరం పేరుగా ఎదుగుతుంది. 'ఎల్' లీలావతి అవుతుంది. 'డి' దస్తగిరి అవుతాడు. నలభై ఆరు వరసలూ శుభ్రమయ్యాక గానీ చేతులు తమ వరసకు రావు. ఐదుకు ఒక్క నిమిషముంది.

ఆ చుక్క చాలా లోతుగా దిగబడి ఉంది. నేనూ ఆ మణికట్లు పట్టుకుని లాగుతాను. మూడోసారికి ఊడొస్తుంది. నీరటి మాణెమ్మ తలకట్టుతో, గాజులతో, చెమటతో నా ఎదురుగా నిలబడి ఉంది.

"మొండి గడ్డి అమ్మా ఇది," అంటుంది.

"పూర్తి పేర్లు మా శైలి కాదు," అంటాడు ఉద్యోగి.

"అన్నీ ఒకేలా ఉన్నాయా లేదా, చూడండి."

అతను రెండుసార్లు లెక్కపెట్టుకుంటాడు. "ఒకేలా ఉండటమే మా శైలి," అని ముద్ర కొట్టేస్తాడు. మాణెమ్మ బ్రాకెట్లో బాసింపట్టు వేసుకుని కూర్చుంటుంది. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వస్తాయి.

జాబితాలో ఎదుగుదల మాత్రం ఆగదు. తొమ్మిదో పేరు వెనక నుంచి ఒక జత చేతులు బయటికొస్తాయి. పద్నాలుగో పేరు వెనక నుంచి ఇంకో జత. వీళ్లూ ఎప్పుడో, ఎవరో శాస్త్రవేత్తకు, ఏదో ఒక సంగతి చెప్పినవాళ్లే. మాణెమ్మ ఒక్కొక్కరినీ గాజుల్ని బట్టి, కాయలు కాసిన అరచేతుల్ని బట్టి గుర్తుపట్టి పేరు చెబుతోంది. నేను పూర్తిగా రాస్తున్నాను. రాయగానే ముఖాలు వస్తున్నాయి. వస్తూనే అందరూ మాట్లాడేస్తున్నారు.

ఒక జత చేతులు డాక్టర్ గారి ముందు ఆగుతాయి. ఎడమ బొటనవేలికి గోరు లేదు.

"ఈయనెవరో నాకెర్క లేదు," అంటుంది మాణెమ్మ.

డాక్టర్ గారు మెల్లగా టేబులు దిగుతారు.

"జోగుల బాలకిష్టయ్య," అంటారు. "నా మొదటి పేపరు మొత్తం ఈయన చెప్పిందే."

ముఖం వస్తుంది, నవ్వుతూ. "యాదికున్ననా సారూ?"

ముఖం వెంట నీడ, నీడ వెంట రెండెకరాల కంది చేను తలుపులోంచి వచ్చి గది నిండా పరుచుకుంటాయి. డాక్టర్ గారు చెప్పులు విప్పి సాల్లోకి దిగుతారు. పోర్టల్ ఉద్యోగి తెర అంచు మీద కాలు వేసి కిందికి దూకి, ప్యాంటు మడుచుకుంటాడు. చేను నిండా, పూలుండాల్సిన చోట, చిన్న చిన్న చెవులున్నాయి. బాలకిష్టయ్య గొంతు సవరించుకోగానే అవన్నీ ఆయన వైపు తిరుగుతాయి.