మిజ్‌హిర్ కింద పెట్టిన కప్పు

మిజ్‌హిర్ రోకలి వేస్తే ఆ చప్పుడు బస్రా దాకా వినబడేది. అక్కడి ఒంటెలు నెమరు ఆపి, "షేక్ ఖయ్యూన్ చావడిలో కాఫీ దంచుతున్నారు" అని చెవులు రిక్కించేవి.

ఆ ఉదయం కూడా రెల్లు చావడి మధ్యలో, నిప్పుల గుంట పక్కన గొంతుక్కూర్చుని, ఇత్తడి రోట్లో వేయించిన గింజలు దంచుతున్నాడు. మూడు దెబ్బలు మెల్లగా, ఒకటి గట్టిగా. పొగకు ఎర్రబారిన కళ్ళు. కాలి కాలి మొద్దుబారిన వేళ్ళు. నోట్లో మిగిలినవి నాలుగు పళ్ళు. నలభై ఏళ్ళుగా ఆ చావడికి వచ్చిన ప్రతి మనిషికీ కాఫీ పోసినవాడు అతనే.

"ఇవాళ నువ్వు దంచితే చాలు మిజ్‌హిర్," అన్నాడు షేక్ ఖయ్యూన్, మొహం చూడకుండా. "బాగ్దాద్ నుంచి అధికారి వస్తున్నాడు. వెంట విదేశీ దూత కూడా. నీ చెయ్యి వణుకుతోంది. పోసే పని చాసిబ్ చూసుకుంటాడు."

"వణికేది చెయ్యి. కాఫీ కాదుగా," అన్నాడు మిజ్‌హిర్.

షేక్ వినిపించుకోలేదు.

చాసిబ్ పట్నంలో సర్కారు అతిథిగృహంలో పనిచేస్తాడు. ఒకసారి మంత్రికి కాఫీ పోస్తుంటే టీవీలో చూపించారు. ఆ రోజు నుంచి మిజ్‌హిర్ టీ కొట్టుకు వెళ్ళడం మానేశాడు, అక్కడ టీవీ ఉందని. ఇప్పుడు ఆ చాసిబే గుమ్మంలో దిగాడు. నల్లటి కోటు, దానికి పదకొండు బంగారు గుండీలు. మిజ్‌హిర్ రెండుసార్లు లెక్కపెట్టాడు.

"ఏం బాబాయ్, ఇంకా చేత్తోనే దంచుతున్నావా? మా దగ్గర మీట నొక్కితే చాలు."

"మీట నొక్కితే పొడి వస్తుందిరా. మనుషులు రారు."

కోటు విదిలించుకుని చాసిబ్ నవ్వాడు. ముప్పై రెండు పళ్ళు. అదీ కుట్టింది మిజ్‌హిర్‌కు.

మధ్యాహ్నానికి చావడి నిండింది. రెండు నెలలుగా కాలువ తూము దగ్గర ఎగువ తెగకూ వీళ్ళకూ కాల్పులు. ముగ్గురు పోయారు. వంతెన మీద సైన్యం ట్యాంకులు నిలబెట్టింది. ఇవాళ మాట కుదరకపోతే రెండు ఊళ్ళలోకీ దిగుతామంది. నలభై రోజుల సంధి అడగడానికి ఎగువ తెగ పెద్ద హాజీ లఫ్తా తానే వచ్చాడు. అతని మనుషులు తుపాకులు బయట ఆనించి, వాటికి దగ్గరగానే కూర్చున్నారు.

కూజాలోంచి మొదటి కప్పు పోసేవాడే తాగాలి, విషం లేదని అందరికీ కనబడేలా. చాసిబ్ తాగాడు. మిజ్‌హిర్ గుటక మింగాడు. చావు భయం కూడా వాడికే ఇచ్చేశారు!

విదేశీ దూతకు, చాలనుకుంటే కప్పు ఊపాలని ఎవరూ చెప్పలేదు. పాపం, పోసినప్పుడల్లా తాగుతూ ఏడు కప్పులు లాగించాడు. లఫ్తా మాత్రం తన కప్పు అందుకుని చాప మీద పెట్టాడు. అడగడానికి వచ్చినవాడు కాఫీ తాగడు. "తాగు, నీ పని అయింది" అని ఇంటాయన అంటేనే ఎత్తుతాడు. ఆ కప్పు ముందునుంచి తీసేశారంటే, లేదు పొమ్మన్నట్టే.

షేక్ గడ్డం దువ్వుకుంటూ ఆలోచిస్తున్నాడు. కాఫీ చల్లారింది. చాసిబ్ రెండో చుట్టు వచ్చాడు. అతిథిగృహం బల్లల మీద చల్లారిన కప్పులు తీసీ తీసీ అలవాటుపడ్డ చెయ్యి అది. వంగి లఫ్తా కప్పు ఎత్తేసింది.

చావడి బిగుసుకుపోయింది. చేతిలో ఏముందో చాసిబ్‌కు అప్పుడు తెలిసింది. పదకొండు గుండీలూ ఒక్కసారి ఎగిసిపడ్డాయి.

మిజ్‌హిర్ కడుపు చల్లబడింది. ఊరికే కూర్చుంటే చాలు. ఈ జన్మలో వాడు మళ్ళీ ఏ చావడిలోనూ కూజా పట్టడు. బయట ఎవరో లేచి నిలబడ్డ చప్పుడు. తుపాకీ రెల్లుకు రాసుకుంది.

మిజ్‌హిర్ మోకాళ్ళు పట్టుకుని లేచాడు.

"కనిపెట్టావురా చాసిబ్! హాజీ పెట్టిన కప్పు చల్లారితే మార్చమన్నానా లేదా? ఇలా తే." ఆ కప్పే తీసుకుని, చల్లారిన కాఫీ బూడిదలో ఒంపి, వేడిది పోసి, చాప మీది తడి మరక మీదే మళ్ళీ పెట్టాడు. చెయ్యి వణికింది. చుక్క ఒలకలేదు. "ఆలస్యం నాది హాజీ. తిట్టాలంటే నన్ను తిట్టు."

లఫ్తా మీసం కదిలింది. షేక్ గట్టిగా ఊపిరి వదిలాడు.

"తాగు లఫ్తా. అడిగింది ఇచ్చాను."

ఆ తర్వాత అందరూ చాసిబ్‌ను మెచ్చుకున్నారు, కప్పు చల్లారనివ్వలేదని. అధికారి పేరు రాసుకున్నాడు. దూత పక్కన నిలబెట్టి ఫొటో తీశారు. అందులో మిజ్‌హిర్ మోచెయ్యి పడింది.

ఎండ వాలాక, జనం వెళ్ళిపోయాక, చాసిబ్ నిప్పుల దగ్గరికి వచ్చాడు. "బాబాయ్, నన్ను నిలబెట్టావు."

"నిన్నెవడు నిలబెట్టాడురా? కాఫీ చల్లారింది, మార్చాను."

చాసిబ్ ఒక కప్పు పోసి రెండు చేతులా అందించాడు. మిజ్‌హిర్‌కు ఆ చావడిలో ఇంకొకరు కాఫీ పోయడం అదే మొదలు. అందుకున్నాడు. తాగలేదు. చాప మీద పెట్టాడు.

"ఓహో, నన్నేదో అడుగుతావన్నమాట! ఏం కావాలి?"

"ఉండు. ఆలోచించుకోనీ," అని మిజ్‌హిర్ రెల్లు స్తంభానికి జారగిలబడి కళ్ళు మూసుకున్నాడు.

చాసిబ్ చాలాసేపు ఎదురుచూశాడు. "తాగు బాబాయ్. ఏదైనా సరే, ఇచ్చేశాను," అన్నాడు. తర్వాత చెయ్యి ముట్టుకుని చూశాడు. కప్పుతో పాటు అదీ చల్లారింది.

బస్రా దాకా అన్నాను గానీ, గాలి అటు వీస్తే ఆ చప్పుడు కాలువ అవతలి గట్టు దాకా వెళ్ళేది, అంతే. ఒంటెల సంగతి వదిలేయండి, బస్రాలో ఇప్పుడు ఉన్నవన్నీ టాక్సీలు. అయితే ఆ గట్టు మీదే లఫ్తా ఇల్లు. మర్నాడు పొద్దున్నే అతను మనిషిని పంపాడు: రోకలి మోగలేదేం, ఏం జరిగింది అని.

ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. పదకొండు బంగారు గుండీలు నేను కుట్టినవే. చాసిబ్ కోటుకు ఉన్నవి నాలుగు, ప్లాస్టిక్‌వి, అందులో ఒకటి ఊడింది. కప్పు మాత్రం నా కల్పన కాదు. తీసేస్తే లేదన్నట్టవుతుందని చాసిబ్ దాన్ని ఎవరినీ ముట్టనివ్వలేదు. కాఫీ ఎండి, అడుగున నల్లటి వలయం కట్టి, ఇప్పటికీ ఆ చాప మీదే ఉంది.