రంగవ్వ ముడతలు

తాండూరు బజారులో ఫోటోల జంగప్ప అంతటి మొనగాడు మరొకడు లేడు. ఏనుగు కంటికి బెత్తెడు దూరంలో కెమెరా నిలబెట్టి, రెప్ప వేయకుండా ఫోటో తీశాడు. పులినైనా అంత దగ్గర నుంచే తీసేవాడు, పులి ఒప్పుకోవాలి గానీ.

అది జాగీర్లు పోయిన మూడో ఏడు. యాలాల్ వైపు ఒక దొర తన ఏనుగును మేపలేక ఎక్కడి సర్కసు వాళ్లకో ఇచ్చేశాడు. వికారాబాద్ జంక్షన్‌లో రైలు ఎక్కించాలి. ముప్పై ఏళ్లుగా దాని మెడ మీద కూర్చున్న మావటి బీరన్న, నడిపించుకుపోతూ జంగప్ప దుకాణం ముందు ఆపాడు.

"జంగప్పా, మా రంగవ్వ ఫోటో ఒకటి తియ్యి. ఎల్లుండి నేనొక్కన్నే వాపస్ వస్త. నాకిగ గదే మిగుల్తది."

"ఏనుగును కుర్చీల ఎట్ల కూసోవెట్టాలె బీరన్నా?" అన్నాడు జంగప్ప. అతని దుకాణంలో ఫోటో పట్టే గాజు పలక ఒక్కటే మిగిలింది. హైదరాబాద్ నుంచి కొత్తవి వచ్చేసరికి వారం పడుతుంది.

ఏనుగును పక్క సందులో నిలిపారు. ముందు బెత్తెడు అన్నాను కదా, అది బారెడు పైమాటే. అదీ జంగప్ప దగ్గరికి పోయింది కాదు. ఏనుగు మొత్తం పట్టాలని స్టాండు పట్టుకుని వెనక్కీ వెనక్కీ జరిగి నాపరాళ్ల గోడకు వీపు ఆనించాడు. కెమెరా నల్లగుడ్డ కింద ఏం దాచాడో చూద్దామని రంగవ్వే ముందుకొచ్చింది. రెప్ప వేయలేదన్నది కూడా ఉత్తదే. రెండు కళ్లూ గట్టిగా మూసుకుని కెమెరా రబ్బరు బుడ్డి నొక్కాడు.

పలక కడిగి చూస్తే ఏనుగు లేదు. ఒక కన్ను, కణత, చెవి మొదలు, అంతే. మిగతాదంతా ముడతలు.

ముడతలంటే జంగప్పకు పడదు. అమ్మవారి మచ్చలు, గాట్లు, నుదుటి గీతలు, ఏవీ అతని దుకాణం గడప దాటి పోలేదు. సన్నగా చెక్కిన పెన్సిల్‌తో పలక మీద ఒక్కొక్క గీతనూ పూడ్చేస్తాడు. అలా ఎంతమంది ఆడపిల్లల పెళ్లి కుదిర్చాడో లెక్కలేదు. కిటికీ వెలుతురులో పలక నిలబెట్టి రెండు రోజులు పూడుస్తూనే ఉన్నాడు. కళ్లు నీళ్లు కారాయి, మెడ పట్టేసింది. ఏనుగు ముడతలు మాత్రం అయిపోవడం లేదు.

"పౌడర్ గూడ కొట్టరాదా, పిలగాన్ని సూసి పెండ్లి చేద్దాం," అంది భార్య సత్యమ్మ, బువ్వ గిన్నె పక్కన పెట్టి.

"ఊకో. వాని ముప్పై ఏండ్ల పెండ్లమసొంటిది అది. మంచిగుండాలె."

మూడో రోజు మధ్యాహ్నం పాసింజర్‌లో బీరన్న దిగాడు. వచ్చి దుకాణం గడప మీద కూలబడ్డాడు. మొహం నిండా బొగ్గు నుసి.

"ఎక్కిందా?" అడిగాడు జంగప్ప.

"ఎక్కనన్నది. నేను ముంగట ఎక్కితే ఎక్కింది. ఎనకాల్నించి నేను దిగిన. గంతే."

జంగప్ప ఫోటో చేతికిచ్చాడు. బీరన్న అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.

"గిదెవరు?"

"ఎవరేంది? మీ రంగవ్వ!"

"కాదు. గిది తోమిన కడవ." చెవి మొదట్లో వేలు పెట్టి చూపించాడు. "గీడ నా బొటనవేలి గుంత ఉండె. ముప్పై ఏండ్లు గాడనే కాలు వెట్టి తోలిన. ఏడవాయె?"

జంగప్పకు తిక్క రేగింది. "రెండు దినాలు కండ్లు పోగొట్టుకున్న బీరన్నా!"

"నువ్వు కండ్లు పోగొట్టుకుంటివి. నేనేం పోగొట్టుకున్ననో సూడు మరి," అన్నాడు బీరన్న. గొంతు పెంచలేదు. పెంచే ఓపిక లేదు.

జంగప్ప లేచి పలక తీశాడు. దూదిని టర్పెంటైన్‌లో తడిపాడు. పెన్సిల్ పోతుంది, సరే. దానితో పాటు పైపొర గీసుకుపోతే ఉన్న ఆ ఒక్క కన్నూ పోతుంది. దూదిని పలక దాకా తెచ్చి ఆపాడు. సత్యమ్మ అతని మోచేయి కింద తన అరచేయి ఆసరాగా పెట్టింది. రెండు రోజుల పని దూదికి నల్లగా అంటుకుని వచ్చేసింది.

చీకటి గదిలోకి పోయి మళ్లీ కాగితం మీదికి దించాడు. తడి ఆరకముందే తెచ్చి బీరన్న ముందు పెట్టాడు. బీటలు వారిన చేనులా ఉంది. వంకర వెంట్రుకల మధ్య కన్ను అలసిపోయి చూస్తోంది. చెవి మొదట్లో, చిన్న నల్లటి గుంత.

బీరన్న కాలి బొటనవేలు దానంతటదే కదిలింది. అదెవరూ చూడలేదనుకున్నాడు.

"ఇట్ల ఖరాబు ఫోటో నా దుకాణంల ఎన్నడు తియ్యలే," అన్నాడు జంగప్ప, కళ్లు నులుముకుంటూ.

"మంచిగున్నది," అన్నాడు బీరన్న.

ఆరాక ఫోటోను అంగీ లోపల పెట్టుకుని యాలాల్ తోవ పట్టాడు. బజారు దాటేటప్పుడు అలవాటు కొద్దీ ఒక చెరుకు గడ కొన్నాడు. కొన్నాక, ఎవరికని కొన్నానా అని నడిరోడ్డు మీద నిలబడిపోయాడు.

ఆ చెరుకు గడ మాత్రం నేను కల్పించింది. అతడు బజారు వంక చూడనైనా చూడకుండా వెళ్లిపోయాడు. అంత దూరం ఉత్త చేతులతో నడిపించబుద్ధి కాక, నేనే కొనిచ్చాను.