రాణి నడక

"అంత బరువు నువ్వు మోయొద్దు యశోదా, ఇటియ్యి" అనుకుంట అఖిల నా చేతిల సంచి గుంజుకున్నది.

ఆడబిడ్డ నందిని కొడుకు పుట్టెంటికలకు పంచనీకి గాజులు కొనుక్కొని చార్మినార్ గల్లీలకెళ్లి వస్తున్న. అఖిల నాతోని యానిమేషన్ కోర్సు చదివింది. ఇప్పుడు మాదాపూర్‌ల ఒక స్టూడియోల చేస్తది. నా కడుపు దిక్కు చూసి, "ఎన్నో నెల? కనపడుతనే లేదు" అన్నది.

"ఎవరికి?"

"నీకే! డాక్టర్ కూసోనుడు గూడ వద్దన్నదంట గద. పోయినసారి మూడో నెలల పోయిందని గూడ రాసినవ్. ఆ మెయిల్ చదివి మా స్టూడియో భాగ్యశ్రీ మేడమ్, నేను మస్తు బాధపడ్డం."

ఆ సంగతి మా అమ్మకు గూడ చెప్పలే నేను. ఆ రోజు దవఖాన బాత్రూంల ఒక్కదాన్నే ఉన్న. నా మొగడు మహేందర్ "ఆఫీసుల ఆడిట్ ఉంది, మా అమ్మ వస్తది తియ్" అన్నడు. తర్వాత ఆయన ఆ మాట ఎత్తలే, నేను ఎత్తలే. ఎక్కడో లోపల పెట్టుకొని తలుపేసుకున్న. ఇప్పుడది ఆటోల హారన్ల నడుమ, గాజుల దుకాణం ముందట, అఖిల నోట్లకెళ్లి బయటికొచ్చింది.

"మెయిల్ నేను రాసిన్నా?" అన్న.

"నీ మెయిల్ నుంచే గద వచ్చింది. మేడమ్‌కు నీ రాణి ఎంత నచ్చిందో! ఉద్యోగంలకు రమ్మన్నది, సీరియల్ల బొమ్మలన్నీ నిన్నే చూసుకోమన్నది. నువ్వేమో కడుపుతోని ఉన్న, రాలేను, బొమ్మలు మీరే వాడుకోండి, నా పేరు గూడ అక్కర్లేదు అని రాస్తివి."

రాణి ఒక బర్రె. అఖిల వాళ్ల స్టూడియోల పిల్లల కార్టూన్ సీరియల్‌కు పాత్రలు కావాలంటే నేను గీసిన. ఫలక్‌నుమాల మా ఇంటి ఎనక అత్తమ్మకు బర్లున్నయి. పొద్దుగాల పెండ తీసి, పాల గిన్నెలు తోమి, మహేందర్‌కు డబ్బా కట్టినంక ఇంత పొద్దు దొరికితే ఆ బర్ల ముందటనే కూసోని గీసేది. ముందునుంచి, పక్కనుంచి, ఎనకనుంచి. అలిగితే ఎట్లుంటది, నిద్రొస్తే ఎట్లుంటది. సగం తెగిన ఎడమ చెవి. రైలు పట్టాల దగ్గరికొచ్చి మొరాయిస్తది, ఎవరు బతిమాలినా కదలదు. తనకు బుద్ధిపుట్టినప్పుడే లేస్తది. ముందు నడుము ఊగుతది, తల ఇష్టం లేనట్టు ఎనక వస్తది. అత్తమ్మ సుశీలమ్మ వాడకట్టంత చెప్పింది, "బర్లను కడగమంటే బర్ల బొమ్మలు గీస్తది మా కోడలు" అని. మహేందర్ ఒక్కడే మంచిగుందన్నడు. "నీ ఇంగ్లీషు చూస్తే నవ్వుతరు, మెయిల్లు నేను రాస్త" అని పాస్‌వర్డ్ తీసుకున్నడు. నేనెంత సంబురపడ్డనో. కొన్నాళ్లకు "వాళ్లకు నచ్చలేదంట యశూ, ఫికర్ చెయ్యకు" అని తల నిమిరిండు. ఆ చెయ్యే పట్టుకొని ఏడ్చిన నేను.

అఖిల ఫోన్ తెరిచింది. రాణి నడుస్తున్నది. కాయితం మీద కదలకుంట నిలబడ్డ నా బర్రె నడుము ఊపుకుంట, నేను మనసుల ఎట్ల అనుకున్ననో గట్లనే నడుస్తున్నది. కింద గీసినవాళ్ల పేరు, అఖిల.

"నువ్వే వద్దన్నవ్ గద" అన్నది మెల్లగ, నా మొఖం చూసి.

నేను ఇల్లు చేరేసరికి మహేందర్ గడపల కూసోని బూట్లు విప్పుతున్నడు.

"నాకు కడుపని రాసినవా?"

బూటు లేసు గుంజుడు ఆపలే. "ఎవరు చెప్పిండ్రు?"

"రాసినవా, లేదా?"

"గిట్ల లొల్లి జేస్తవనే చెప్పలే. మాదాపూర్ పోయి ఎప్పుడొస్తవ్? అమ్మ ఒక్కతే ఎంతని చేస్తది? నేను వద్దంటే నువ్వు యాడాది ఏడుస్తవ్. వాళ్లు వద్దన్నరంటే ఒక్కరోజు ఏడ్చి ఊకుంటవ్. నీ మంచికే."

"పోయిన బిడ్డ సంగతి ఎందుకు రాసినవ్?"

"నమ్మాలె గద" అన్నడు.

లోపల్నుంచి అత్తమ్మ వచ్చింది. "ఏందమ్మా గా లొల్లి? వాని నోట మంచి మాటనే పడ్డది. యాడాదిల నిజమైతది తియ్."

"గదే" అని నవ్విండు మహేందర్, గండం గడిచినట్టు.

అఖిల దగ్గర తీసుకున్న మేడమ్ నంబర్‌కు వాళ్ల ముందటనే ఫోన్ కొట్టిన. ఇంగ్లీషు వెతుక్కోలే.

"భాగ్యశ్రీ మేడమ్, నేను యశోదను. రాణిని గీసినదాన్ని. నేను కడుపుతోని లేను. ఆ మెయిల్ నా మొగడు రాసిండు."

"రాణి మీద పేరు ఇప్పుడు మార్చగలనో లేదో చెప్పలేనమ్మా" అన్నది ఆమె. "సోమవారం రా. కొత్త బొమ్మలు పట్టుకొని రా."

"వస్త మేడమ్."

మహేందర్ మొఖం ఎర్రగైంది. "ఇంటి పరువు బజార్ల పెట్టినవ్" అని లోపలికి పోయి టీవీ పెట్టుకున్నడు. నేను ఆయన ఎనకనే పోయి, మంచం మీదున్న నా బొంత, మెత్త తీసుకొచ్చి ముందటి అర్రల చాప మీద వేసిన. అత్తమ్మ చాపను చూసింది, నన్ను చూసింది.

"యాడాదిల నిజమైతదన్నవ్ గద అత్తమ్మా" అన్న. "కాదు. నేను కావాలనుకునేదాక కాదు."