చేతికి తగలని సింహాలు

ఎండు నెత్తళ్ళ చేపల బుట్ట ముందు కూర్చుని, జానకమ్మ ఐదు వందల నోటును బొటనవేలితో మళ్ళీ తడిమింది. గిలకలదిండి రేవులో ఎండ మాడ్చేస్తోంది. రెండున్నర కిలోల సరుకుకి నాగేంద్రబాబు ఇచ్చిన నోటది.

"ఇది మార్చండి బాబుగారూ. దీనికి సింహాలు లేవు."

"సింహాలు కావాలంటే జూకి ఎళ్ళవే ముసలీ!" అన్నాడు నాగేంద్రబాబు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. వాళ్ళ పడవలన్నిటికీ డీజిలు పెట్టుబడి ఆయనదే.

షుగరు జబ్బు జానకమ్మ చూపు తినేసి ఆరేళ్ళయింది. అప్పట్లో బ్యాంకులో పనిచేసే మాధవి ఆమె వేలు పట్టుకుని నోటు గుర్తుపట్టడం నేర్పింది. కుడిపక్క మూడు సింహాల గుర్తు గరుగ్గా తగలాలనీ, దాని కింద నిజమే గెలుస్తుందని రాసుంటుందనీ చెప్పింది. నున్నగా ఉంటే పుచ్చుకోవద్దంది.

"దుర్గా, నువ్వు చూసి చెప్పవే."

కోడలు దుర్గ నోటును వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. మెరిసే దారం ఉండాల్సిన చోట బూడిదరంగు గీత అచ్చేసి ఉంది. సింహాలు అలికినట్టున్నాయి.

"చెప్పమ్మా," అన్నాడు నాగేంద్రబాబు మెల్లగా. "సాయిబాబు ఎల్లుండి నా బోటు మీద ఏటకెళ్ళాలిగా."

మూడు నెలలు ఖాళీగా తిరిగాక దుర్గ మొగుడికి దొరికిన పని అది.

"బాగానే ఉందత్తా. తడిసి అరిగిపోయిందంతే," అంది దుర్గ.

జానకమ్మ నోటును నాలుగు మడతలు పెట్టింది. "నువ్వు చూశావుగా, చాల్లే," అని నోటు రొంటిన దోపుకుంది.

ఇద్దరూ బందరులో మందుల కొట్టుకి చేరారు. ఇన్సులిన్ బుడ్డి నూట డెబ్బై. దుర్గ దగ్గర నలభై రూపాయలే ఉన్నాయి. జానకమ్మ నోటు తీసి ఇచ్చింది. కొట్టతను దాన్ని గోటితో గీకి చూసి బల్ల మీదికి విసిరేశాడు.

"దొంగనోటు. కళ్ళులేనిదాన్ని ముందు పెట్టి మారుస్తున్నారా? ఎవరిచ్చారు? పోలీసుల్ని పిలవనా?" అని దుర్గను నిలదీశాడు.

దుర్గ నాగేంద్రబాబు పేరు చెప్పబోయి, ఎల్లుండి ఏట గుర్తొచ్చి ఆగింది.

"నాకు తెలీదండీ. మా అత్తే ఎక్కడో తీసుకుంది."

జానకమ్మ ముఖం కోడలి గొంతు వినిపించిన వైపు తిరిగింది.

"అవునండి, నాదే తప్పు," అంది. "చూసుకోలేని దాన్నిగా."

కొట్టతను బుడ్డిని మళ్ళీ ఫ్రిజ్‌లో పెట్టేశాడు.

మెట్లు దిగాక దుర్గ ఏడుస్తూ చెయ్యి పట్టుకోబోయింది.

"వద్దమ్మా," అంటూ జానకమ్మ విదిలించుకుంది. "నేనెళ్తాను."

అరచేత్తో కొట్ల గోడలు తడుముకుంటూ నడిచింది. సెంటర్ దగ్గర గోడ అయిపోయింది. ఆటోలు హారన్లు కొడుతున్నాయి. ముసలామె గాలిలోకి చెయ్యి చాపి, ఒక కాలు రోడ్డు మీదికి దించింది. వెనకే వచ్చిన దుర్గ, ఆ చెయ్యి పట్టుకోవడానికి మొహం చెల్లక, రెండడుగుల దూరంలో నిలబడిపోయింది.