జుమాదిల్ ఎడమచెయ్యి

బిష్కెక్ గుండె ఆసుపత్రిలో సర్జన్ సాల్కిన్, జుమాదిల్ ఎడమ ముంజేతిని వేళ్లతో నొక్కి చూసింది. ఆయన గుండెకు రక్తమిచ్చే నాళాలు మూడు పూడుకుపోయాయి. వాటికి పక్కదారులు వెయ్యాలంటే ఆయన ఒంట్లోంచే మంచి నాళాలు తియ్యాలి. కాళ్లలోవి ఉబ్బి, ముడులు పడి పనికిరాకుండా ఉన్నాయి.

"ఈ చేతిలోది తీస్తాను, అతా," అంది, తండ్రిని పిలిచినట్టు.

అరవై నాలుగేళ్ల జుమాదిల్ చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. నరీన్ కొండల్లో ఆయన మూడుతీగల వాద్యం కోముజ్ మోగందే పెళ్లి జరగదు.

"బొటనవేలు మొద్దుబారదని మాటిస్తావా తల్లీ?"

"కొందరికి కొన్నాళ్లు తిమ్మిరి ఉంటుంది. మాటివ్వలేను."

"అయితే మా ఊరి పెళ్లిళ్లకి నువ్వొచ్చి వాయించు!"

"ముందు బతుకయ్యా! నువ్వు వాయించకపోతే మా చెవులన్నా బాగుపడతాయి," అంది భార్య బర్చిన్, కొంగులాంటి తలగుడ్డ అంచుతో కళ్లు తుడుచుకుంటూ.

సాల్కిన్ ఆ సాయంత్రమంతా రక్తనాళాల ఎక్స్‌రేల ముందు కూర్చుంది. రొమ్ము ఎముకకు అటొకటి, ఇటొకటి ధమనులుంటాయి. ఎడమది అందరికీ వాడేదే. కుడిదీ తీసి దానికి కొమ్మలా అతికిస్తే చేతి జోలికే పోనక్కర్లేదు. పని రెట్టింపు, ఎముక అతకడం ఆలస్యం. కానీ ఈయనకు చక్కెర జబ్బు లేదు, అతుక్కుంటుంది. గురువు పక్కన నిలబడి చేసిన పనే, ఒంటరిగా మాత్రం ఇదే మొదటిసారి.

మర్నాడు గుండెను ఆపకుండానే ఆపరేషన్ మొదలుపెట్టింది. కుట్టాల్సినచోట మాత్రం గోరంత మేర కదలకుండా ఒక పరికరం అదిమి పట్టింది. మిగతా గుండె దాని పాటికది ఎగురుతూనే ఉంది. వెంట్రుకకన్నా సన్నని దారంతో ఒక్కో అతుకూ వేసింది. ఆరుగంటల తర్వాత చివరి ముడి బిగించి, రక్తం పారే వేగం కొలిచింది. మూడు దారుల్లోనూ ధారాళంగా పారుతోంది. మాస్కు వెనక ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది.

తొమ్మిదో రోజు రౌండ్స్‌కు వెళితే వార్డు తలుపు దగ్గరే జనం. మంచం మీద జుమాదిల్, భుజం ఊపకుండా, మెల్లగా కోముజ్ మీటుతున్నాడు. వేళ్లు తీగల మీద మేకపిల్లల్లా గెంతుతున్నాయి. లావుపాటి నర్సు మందుల పళ్లెం పక్కన పెట్టి అడుగులు వేస్తోంది.

"ఎవరు పర్మిషనిచ్చారు?" అంది సాల్కిన్ గద్దించబోయి.

"నువ్వే కదమ్మా, చెయ్యి వదిలేశావు!"

బర్చిన్ నూనెలో వేయించిన పిండిముద్ద, వేడి బోర్సోక్ ఒకటి ఆమె నోట్లో కుక్కింది. "తిను, తిను. నీ మాట ఆయన వినడు, నా మాటా వినడు."

సాల్కిన్ బుగ్గలు ఉబ్బించుకుని నములుతూనే స్టెతస్కోపు చేతిలోకి తీసుకుంది. పక్కమంచం ముసలాయన మాత్రం, "ఇంకొక పాట! రౌండ్స్ తర్వాత చూసుకోవచ్చు!" అని కేకేశాడు.