ఎండలో హీటరు

ముల్లు మళ్లీ కదిలింది. కోటిలింగం తుండుగుడ్డతో మెడ తుడుచుకుంటూ, ఎదుటి కంటెయినరు లారీని వదిలేసి ఇంజను వేడి చూపించే ఆ ముల్లునే చూస్తున్నాడు. ఎన్నూరు తీరపు రోడ్డు మీద బండ్లు నత్తల్లా పాకుతున్నాయి. మే నెల ఎండ. పికప్పు వెనక నిండా ఇనుప పలకలు.

యాభై ఎనిమిదేళ్ల మనిషికి ఈ తంటా ఎందుకొచ్చిందంటే, నోటిదూల. ఇన్నేళ్లుగా యజమాని జనార్దనం బండ్లు తోలుతూ ఏనాడూ దేనికీ నోరు తెరిచి అడిగినవాడు కాదు. వంతెన ఎక్కేటప్పుడు కుర్ర డ్రైవర్లు హారను కొట్టి దాటిపోతుంటే మాత్రం ఓర్చుకోలేకపోయాడు. పెరంబూరులో ఒకతను ల్యాప్‌టాప్ తగిలించి ఇంజను బలం పెంచుతాడని విని, యజమాని చెవిలో జోరీగలా రొద పెట్టాడు.

"సరి, చేపిస్తా," అన్నాడు జనార్దనం చివరికి. "నీ మాట మింద చేపిస్తుండా. ఇంజనుకేమన్నా అయిందంటే మళ్లా నా బండి ఎక్కబాకన్నా."

మొదటి వారం రాజభోగం. నిండు బరువుతో బండి వంతెన మీద దూసుకుపోయిన సంగతి ఇంటికొచ్చి భువనేశ్వరికి రెండుసార్లు చెప్పాడు.

"బండి పరిగెత్తితే నీకేం మురిపెం? నువ్వేమన్నా మోస్తివా?" అని భార్య నవ్వింది.

రెండో వారం నుంచి ముల్లు ఎర్రగీత వైపు జరగడం మొదలైంది. పాత రేడియేటరు ఈ కొత్త బలానికి చాలడం లేదు. కొరివితో తల గోక్కున్నట్టయింది. యజమానికి చెబితే పని పోతుంది. ఈ వయసులో ఇంకెవరు తాళంచెవి చేతికిస్తారు?

చల్లారేదాకా పక్కన ఆపుదామంటే, బండి ఎక్కడుందో జనార్దనం ఫోనులో కనిపిస్తుంది. అందుకే పాత డ్రైవర్ల ఉపాయం పట్టాడు. హీటరు పూర్తిగా తిప్పాడు. ఇంజను వేడిని మనిషి కూర్చునే చోటికి లాగేస్తే ముల్లు దిగుతుంది. మద్రాసులో హీటరెందుకని తను ఎన్నోసార్లు వెక్కిరించిన మీటే ఇప్పుడు దిక్కయింది. వేడిగాలి మోకాళ్ల మీదికి, ముఖం మీదికి కొడుతోంది.

ఫోను మోగింది. జనార్దనం.

"ఏందన్నా, ఆడే నిలబడిపోయినావు?"

"ట్రాఫిక్కు, మొదలాళీ. బండి బ్రహ్మాండంగా ఉండాది."

లారీలు పూర్తిగా ఆగినప్పుడు దిగి, గుడ్డ చుట్టి, రేడియేటరు నీళ్ల డబ్బా మూత మెల్లగా విప్పాడు. అడుగంటింది. పొద్దున భువనేశ్వరి తాగడానికి నింపిచ్చిన ప్లాస్టిక్ సీసా తెచ్చి అంతా పోసేశాడు. తాగడానికి గోడౌనులో దొరుకుతాయిలే అనుకున్నాడు.

గోడౌను చేరేసరికి చెమట పట్టడం ఆగిపోయింది. మంచిదే అనుకున్నాడు. తల దిమ్ముగా ఉంది, నాలుక పిడచకట్టింది. కూలీలు పలకలు దించుతున్నారు. దిగి నీళ్లు తాగాలి. కానీ కాగిన ఇంజనును వెంటనే ఆపకూడదు, అలాగే వదిలి దిగనూ కూడదు. హీటరు అలాగే ఉంచి, ముల్లునే చూస్తూ కూర్చున్నాడు. అది కొంచెం కొంచెంగా దిగి మధ్యకొచ్చింది. బండి దక్కింది. కోటిలింగం తల సీటుకు ఆనించాడు.

పని అయ్యాక కూలీలు, ఇక పోవచ్చని బండి పక్కన రెండు దెబ్బలు కొట్టారు. బండి కదల్లేదు.

జనార్దనం వచ్చేసరికి కోటిలింగాన్ని నీడన పడుకోబెట్టి, తుండుగుడ్డ ముఖం మీద కప్పారు. ఇంజను ఇంకా నడుస్తూనే ఉంది. తాళంచెవి తిప్పబోయిన జనార్దనం చేతికి సెగ తగిలింది. బండిలో ఖాళీ సీసా కనబడింది.

"నీళ్లు బాగానే తాగుండాడే అన్న," అన్నాడు.

సీటు మీద ఆ సీసా, మెడకు భువనేశ్వరి గుర్తుకు కట్టిన ఎర్రదారంతో, సెగకు ఒక పక్క సొట్టపోయి ఉంది.